అరటిపండు వంతు

ఎలకలు నవ్వుతాయంటే సోమరేవు పట్నంలో మొట్టమొదట నమ్మిన మనిషి పైడితల్లి ఒక్కతే.

డాక్టర్ హైమవతి తెల్ల ఎలకపిల్లని అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టి పొట్టమీద చక్కిలిగింత పెట్టింది. మన చెవికి అందని దాని సన్నటి కూతని యంత్రం లావు చేసి స్పీకర్లో వినిపించింది. కిచకిచమని ఒకటే నవ్వు. మెదడు పరిశోధన కేంద్రం డైరెక్టరు దీక్షితులుగారు కళ్లజోడు సర్దుకుని, "నొప్పితో కూడా అరుస్తూ ఉండవచ్చు కదమ్మా" అన్నారు.

మేత గిన్నె పట్టుకుని పక్కనే నిలబడ్డ పైడితల్లి ఊరుకోలేదు. "నొప్పయితే మళ్లీ సెయ్యికాడికి ఎందుకొస్తాదండీ? సూడండి, ఇంకా పెట్టమని ఎంటబడతంది."

పదకొండేళ్లుగా ఆ ఎలకలకి మేత పెట్టేదీ, బోనులు కడిగేదీ ఆవిడే. ఎలకల సంగతిలో ఆవిడ మాటకి డైరెక్టరుగారైనా తల ఊపాల్సిందే. ఊపారు.

అసలు హైమవతికి కావలసింది ఎలకల నవ్వు కాదు, ఒక మనిషి నవ్వు. ఆ మనిషి ఆమె భర్త జోగారావు.

జోగారావు సోమరేవులో ఓడల పైలట్. బయట సముద్రంలో లంగరేసిన ఓడ ఎక్కి, టగ్గులనే చిన్న లాగుడు పడవల సాయంతో, రాతిగోడల మధ్య ఇరుకు కాలవలోంచి దాన్ని జెట్టీ దాకా నడిపించుకు రావడం అతని పని. యాభై ఏళ్లు వచ్చినా తలుపు వెనక నక్కి పెళ్లాన్ని హడలగొట్టే రకం. పొద్దున్నే వంటింట్లో హైమవతి దోసె తిప్పుతుంటే, గరిటె నోటి దగ్గర పెట్టుకుని "పెనం నుంచి పళ్లేనికి దోసె బయలుదేరింది. చట్నీ టగ్గు కుడివైపు రావాలి. గాలి తక్కువగా ఉంది" అని ప్రకటనలు చేసేవాడు. దోసె పళ్లెంలో పడగానే, ఓడ జెట్టీకి చేరినట్టు, "బెర్తయింది!" అని చప్పట్లు కొట్టేవాడు. ఆమె విసుక్కునేది. ఆ విసుగు ఎంత సుఖంగా ఉండేదో తర్వాత తెలిసింది.

మూడేళ్ల క్రితం ఒక మధ్యాహ్నం కాలవ మలుపులో గాలి ఒక్కసారిగా తిరిగింది. ఓడ వెనకభాగం జెట్టీకి తగిలింది. కట్టుతాడు పుటుక్కున తెగి, టగ్గు నడిపే సారంగు ఎర్రయ్య ఎడమకాలుని మోకాలి కింద నుంచి తీసుకుపోయింది. విచారణలో తప్పు గాలిదన్నారు. గాలి తన దారిన తాను పోయింది. తప్పు మాత్రం జోగారావు నెత్తిమీద కూర్చుంది.

ఆ రోజు నుంచి దోసెలు మాట్లాడకుండానే పళ్లెంలో పడుతున్నాయి. ఓడ ఎక్కినా అదే వరస. రెండు టగ్గులు చాలినచోట నాలుగు పిలిచేవాడు. ఆ మలుపు రాగానే నాలుగైదు క్షణాలు నోరు పెగిలేది కాదు. కాలవలో నాలుగైదు క్షణాలంటే తక్కువేం కాదు. పైలట్లకి ఏటేటా జరిగే నమూనా ఓడ పరీక్ష ఇంకో రెండు నెలల్లో ఉంది. అది తప్పితే ఇక ఓడ ఎక్కే పని లేదు.

హైమవతి తయారుచేసిన వస్తువు పేరు కేరింత పట్టీ. నుదుటికి కట్టుకునే రెండువేళ్ల వెడల్పు గుడ్డ, లోపల సన్నటి తీగలు. మనిషి పొరపాటు చెయ్యగానే మెదడు ముందుభాగంలో ఒకచోట చురుక్కుమంటుంది. పిల్లల్లో అది మెరిసి ఆరిపోతుంది. అందుకే ఔటైన పిల్ల ఏడ్చి, ముక్కు తుడుచుకుని, మరుక్షణం ఆటలో ఉంటుంది. పెద్దల్లో ఆరదు. ఎవరేమనుకున్నారో, రేపేమంటారోనని రాజుతూనే ఉంటుంది. పట్టీ పని ఆ చురుకుని ఆర్పడం. బల్లమీది తెరలో రెండు అంకెలు కనిపిస్తాయి, చురుకు ఎంత, కేరింత ఎంత అని.

మొదటి పరీక్ష పరిశోధన కేంద్రంలోనే, పొడుగాటి హాల్లో పెట్టారు. ఆట ఏడుపెంకులు. ఏడు పెంకులు ఒకదానిమీద ఒకటి పేర్చి బంతితో పడగొట్టాలి. పడగొట్టిన జట్టు మళ్లీ పేర్చేలోపల రెండో జట్టు బంతితో కొడితే ఔట్. దీక్షితులుగారు, ఇద్దరు గుమస్తాలు, పైడితల్లి, జోగారావు పట్టీలు కట్టుకున్నారు. హైమవతి నోటుపుస్తకం పట్టుకుని గోడవారగా కూర్చుంది.

దీక్షితులుగారు వేసిన బంతి పెంకుల పక్కనుంచి కూడా పోలేదు, పక్క గదిలోకి పోయింది. "దగ్గరగా వెళ్లింది సార్" అన్నాడు ఒక గుమస్తా. తర్వాత జట్టువాళ్లు పడగొట్టిన పెంకులు ఆయన పేరుస్తుంటే రెండో గుమస్తా బంతి చేత్తో పట్టుకుని, చెప్పులు విప్పి, మెల్లిగా వెళ్లి ఆయన భుజానికి ఆనించాడు.

"తగిలిందా?" అన్నారు దీక్షితులుగారు.

"అబ్బే, లేదు సార్. మీరు పేర్చుకోండి."

"నేను ఔటనుకుంటానయ్యా."

"మీరు ఔటేంటి సార్!"

ఇలా ముప్పావుగంట నడిచింది. తెరమీద కేరింత అంకె సున్నా దగ్గర కాళ్లు చాపుకుని పడుకుంది. జోగారావు పట్టీ విప్పి భార్య చేతికిచ్చి, బయటికి నడిచాడు. ఆ వీపు చూస్తూనే హైమవతి తెరమీది సున్నాని నోటుపుస్తకంలో రాసుకుంది.

పట్టుదల కొద్దీ ఆమె అప్పుడొక పని చేసింది. అందరి పట్టీల జోరూ ఒకేసారి నాలుగింతలు పెంచింది. ఎవరికీ చురుకనేదే తెలియకుండా చేసింది.

మర్నాడు హాలు దద్దరిల్లిపోయింది. దీక్షితులుగారు పంచె ఎగ్గట్టి పరిగెత్తారు. గుమస్తాలు ఆయన్ని బంతితో చెడామడా కొట్టారు. జోగారావు బంతి తప్పించుకోబోయి చతికిలబడి, నేలమీదే కూర్చుని, గొంతు విప్పి నవ్వాడు. మూడేళ్ల నవ్వంతా ఒక్కసారే వచ్చిందేమో, కళ్లవెంట నీళ్లు కారాయి. హైమవతి చేతిలో పెన్ను కదల్లేదు. ఆమె కూడా ఏడుస్తోంది.

జోగారావు ఇంట్లో కూడా పట్టీ విప్పేవాడు కాదు, పరీక్ష అయ్యేదాకా ఓడలకి సెలవు పెట్టాడు. పన్నెండు రోజులు ఇల్లు మళ్లీ ఇల్లయింది. దోసెలు ప్రకటనలతో వచ్చాయి. తలుపు వెనకనుంచి "భౌ" వినబడింది. "ఈ మనిషికి సిగ్గూ శరమూ లేవు" అని ఆమె వీధిలోకి వినబడేలా గట్టిగా విసుక్కుంది.

పదమూడో రోజు నమూనా ఓడమీద సాధన ఉంటే చూద్దామని ఆమె కూడా వెళ్లింది. గుండ్రటి గది. చుట్టూ గోడలనిండా తెర, తెరలో కాలవ, మధ్యలో చుక్కాని. మలుపు దగ్గర గాలి తిరిగినట్టు తెర చూపించింది. జోగారావు నోరు ఈసారి పెగలకపోవడం కాదు, అసలు మూతపడలేదు. ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. ఓడ నేరుగా వెళ్లి రాతిగోడని గుద్దుకుంది. గది అంతా ఎర్రదీపాలు.

"ఫట్!" అని నవ్వాడు జోగారావు. "ఇంకోటి ఇవ్వండి."

ఎదురుగా ఉన్న పరీక్షాధికారి నవ్వలేదు. "అసలు పరీక్షకి పది రోజులే ఉంది, సార్" అన్నాడు అంతే.

మర్నాడు పొద్దున్న వంటింట్లో పోట్లాట అయింది.

"ఇంక అది కట్టుకోవద్దండీ" అంది హైమవతి.

"ఎందుకు? ఓడ తెరలోదే కదా మునిగింది."

"రేపు నిజం ఓడ ఎక్కుతారు. దానిమీద ఇరవై మంది ఉంటారు. టగ్గుల మీద ఇంకో పదిమంది. వాళ్లలో ఒక ఎర్రయ్య ఉంటాడు."

జోగారావు ముఖంలో రంగు మారింది. "మూడేళ్ల తర్వాత నా నవ్వు నా చెవిన పడింది హైమా. దాన్ని తీసి డబ్బాలో పెట్టేస్తానంటావా? అంతకంటే ఓడలే మానేస్తాను. ఇంట్లో కూర్చుని నవ్వుకుంటాను."

"ఓడ లేకుండా మీరు ఎన్నాళ్లు నవ్వుతారు?"

జోగారావు పట్టీ విప్పి చట్నీగిన్నె పక్కన పెట్టాడు. దోసె ప్రకటన లేకుండా పళ్లెంలో పడింది. 

తాను చేసింది మందు కాదు, మత్తు అని హైమవతికి అర్థమైంది. చురుకు ఆరకపోతే మనిషి బిగుసుకుపోతాడు. అసలే లేకపోతే గోడకి గుద్దుకుంటాడు. ఆమె ఆ రోజంతా ఎలకల గదిలోనే కూర్చుంది. అక్కడా పరిస్థితి బాగాలేదు. తలకి చిన్న తీగలు పెట్టి చురుకు తీసేసిన ఎలకలు మొదట్లో ఎగిరి గంతులేసినవే, ఇప్పుడు మూలమూలా పడి నిద్రపోతున్నాయి. తీగల్లేని ఎలకలు మాత్రం పక్క బోనులో కుస్తీ పడుతున్నాయి.

"వీటికేమైంది పైడితల్లీ? జబ్బా?"

"జబ్బేటమ్మా! ఎవుడూ ఓడనప్పుడు ఎవుడు పరిగెడతాడు? అందర్నీ అరటిపండు సేసేస్తే ఇంక ఆటేటి?"

హైమవతి తలెత్తింది. "ఏమన్నావూ?"

"ఇటు రండి, ఈళ్లని సూడండి" అని పైడితల్లి రెండో బోను దగ్గరికి తీసుకెళ్లింది. "ఆ పెద్దది తల్చుకుంటే సిన్నదాన్ని ప్రతిపాలీ కిందేసి తొక్కీగలదు. తొక్కదు. రెండుపాలు నెగ్గి, మూడోపాలి తనే యెల్లకిలా పడతాది. సిన్నదాన్ని అరటిపండు సేసింది. నేకపోతే ఆ సిన్నది ఆటకి రాదమ్మా. కానీ ఆ అరటిపండు సేసీది పెద్దదే. తనకి తను అయిపోతే ఒప్పుకోరు."

హైమవతికి అయిదేళ్ల వయసు గుర్తొచ్చింది. పెద్దమ్మ కూతురి జట్టు వీధిలో ఆడుతుంటే తాను గౌను నలుపుకుంటూ గుమ్మంలో నిలబడేది. "పాపం, దీన్ని ఆటలో అరటిపండు చేద్దామే" అనేది అక్క. ఇక ఎంత దెబ్బ తగిలినా ఔట్ కాదు. అందరితో సమానంగా పరిగెత్తవచ్చు, అరవవచ్చు. ఆ గౌరవం అడిగి తీసుకునేది కాదు, మిగిలినవాళ్లు ఇవ్వాలి. అందరికీ ఇచ్చేది కాదు, ఒక్కరికే. మర్నాటికి ఉంటుందన్న హామీ కూడా లేదు.

ఆమె పరుగున తన గదికి వెళ్లింది. ఆరు రోజులు తిండి మీద ధ్యాస లేకుండా పనిచేసింది. కొత్త పట్టీలు ఒకదానితో ఒకటి కలిపింది. ఒక్కో పట్టీకి నుదుటి దగ్గర మినపగింజంత దీపం. ఆటలో ఉన్న మిగతావాళ్లంతా ఒకరి పేరు పలికి "నువ్వు అరటిపండువి" అనాలి. అన్నవాళ్ల నోరూ మనసూ ఒకటే మాట అంటే వాళ్ల దీపం వెలుగుతుంది. అన్ని దీపాలూ వెలిగితేనే ఆ ఒక్కరికీ, ఆ ఒక్క వంతుకి, చురుకు పుట్టిన వెంటనే ఆరిపోతుంది. పుట్టకుండా మాత్రం ఉండదు. వంతు అయిపోగానే పట్టీ చల్లబడుతుంది.

మొదటి ప్రయోగంలోనే గోల జరిగింది. "ఈ వంతుకి సార్ అరటిపండు" అన్నారు గుమస్తాలిద్దరూ, చేతులు కట్టుకుని. ఒక్క దీపమూ వెలగలేదు.  దీక్షితులుగారు ఆ రెండు నల్లటి దీపాల వంక చూశారు. ఆయన మెడ దగ్గర మొదలైన ఎరుపు బట్టతల దాకా పాకింది. తర్వాత ఫక్కున నవ్వి, "ఇరవై ఏళ్ల సర్వీసులో నాకు దొరికిన మొదటి నిజం ఇది. కొట్టండయ్యా నన్ను, సరిగ్గా కొట్టండి" అన్నారు. కొట్టారు. రెండు వంతుల తర్వాత ఆయన్ని నిజంగానే అరటిపండు చేశారు. దీపాలు భగ్గుమన్నాయి.

అంతా బాగానే ఉంది. జోగారావుని మాత్రం ఎవరు అరటిపండు చేసినా, దీపాలన్నీ వెలిగినా, అతని చురుకు ఆరలేదు. హైమవతికి కారణం తెలుసు. ఆ మాట అనవలసిన మనిషి హాల్లో లేడు.

పరీక్ష మూడు రోజులుందనగా ఆమె రేవు దగ్గర తాళ్ల గోదాముకి వెళ్లింది. ఎర్రయ్యకి ఇప్పుడు అక్కడే పని. కొత్త తాడుకి ముడి వేస్తూ ఆమె చెప్పిందంతా విని, కృత్రిమ కాలుని చప్పుడయ్యేలా నేలకి తన్నాడు. "వొస్తానమ్మా. ఆటంటే నానెప్పుడు రానన్నాను?"

మర్నాడు పొద్దున్న పట్టీ కట్టుకుని హాల్లోకి అడుగుపెట్టిన జోగారావు, పెంకుల పక్కన తనలాగే పట్టీతో నిలబడ్డ ఎర్రయ్యని చూడగానే గిరుక్కున వెనక్కి తిరిగాడు. గుమ్మంలో పైడితల్లి అడ్డంగా నిలబడింది. ఆ గుమ్మం దాటడం ఎవరి తరమూ కాదు.

ఎర్రయ్య గొంతు సవరించుకున్నాడు. "జోగన్నా, ఈ వంతుకి నువ్వు అరటిపండువి."

అందరూ ఎర్రయ్య నుదురు వంక చూశారు. దీపం వెలగలేదు.

జోగారావు తల వాల్చేశాడు.  తీసుకొచ్చి తప్పు చేశాను, ఈయన్ని ఇక ఎవరూ లేపలేరు అనుకుంది హైమవతి. ఎర్రయ్య తన దీపాన్ని వేలితో తడుముకున్నాడు. చల్లగా ఉంది.

"వొద్దులే ఎర్రయ్యా" అన్నాడు జోగారావు. "నీ కాలు తీసినవాణ్ని నేను. అది ఎలా వెలుగుతుంది?"

"కాలేటి కాలు!" ఎర్రయ్య అరిచిన అరుపుకి కిటికీ అద్దాలు కదిలాయి. "కాలు గాలి తీసింది. ఆ మాట నాకు ఆ రోజే తెల్సు. నెలా పదిరోజులు ఆస్పత్రిలో పడున్నాను. తలుపు కిర్రుమన్నప్పుడల్లా జోగన్నేనని తలెత్తాను. వొచ్చినావా? మూడేళ్లు! ఒక్కపాలి మా గుమ్మం తొక్కినావా? పాతికేళ్లు ఒకే నీటిమీద తిరిగినామే, ఆడికి కాలు నేదు, ఇంక మనకెందుకనుకున్నావా?"

"కాదు! నీ ముఖం చూడలేక..."

"నా ముఖం బాగానే ఉంది కదా! కాలే కదా పోయింది!"

 జోగారావు నాలుగడుగులు వేశాడు. అయిదో అడుగుకి మోకాళ్లమీద కూలబడి, ఎర్రయ్య కృత్రిమ కాలుని రెండు చేతులతో పట్టుకున్నాడు. "రోజూ మీ వీధి మొగదాకా వచ్చేవాణ్ని ఎర్రయ్యా. అక్కడ కిళ్లీకొట్టు దగ్గర నిలబడి వెనక్కి వెళ్లిపోయేవాణ్ని. తప్పు చేశాను. కాలు సంగతి కాదు. రాకపోవడం తప్పు."

ఎర్రయ్య ముక్కు ఎగబీల్చాడు. "కిళ్లీకొట్టు దాకా వొచ్చి ఎనక్కెల్లిపోయినావా? ఎర్రి మొగమా, అక్కణ్నించి మా గుమ్మం పది అడుగులు."

అతని నుదుటి మీద దీపం వెలిగింది.

 పైడితల్లి వేసిన కేకకి బోనుల్లో ఎలకలు కూడా లేచి కూర్చుని ఉంటాయి. "ఎలిగిందమ్మా! ఎలిగింది!" మొహమాటానికి వెలిగే దీపం కాదది. జోగారావు తలెత్తి దాన్ని చూశాడు. ఎంతసేపు చూశాడో.

"లే, జోగన్నా" అన్నాడు ఎర్రయ్య. "పెంకులు పేర్చు. అరటిపండువని సిన్నగా కొడతాననుకోకు."

సారంగు చెయ్యి మరి. బంతి వీపుమీద చెళ్లుమంది. తెరమీద చురుకు మెరిసింది, ఆరిపోయింది. కేరింత అంకె పైకి, ఇంకా పైకి వెళ్లి, ఇంక వెళ్లడానికి చోటు లేక ఆగింది.

పరీక్ష రోజున జోగారావు పట్టీ కట్టుకోలేదు. కట్టుకోకూడదన్నది హైమవతి షరతు. గుండ్రటి గదిలో మలుపు వచ్చింది, గాలి తిరిగింది. అతని భుజాలు ఒక్క క్షణం బిగుసుకోవడం ఆమె గాజుతలుపు బయటనుంచి చూసింది. చురుక్కుమంది, చురుక్కుమనాలి కూడా. మరుక్షణం భుజాలు వదులయ్యాయి. "చుక్కాని ఎడమకి పది. వెనక టగ్గు మెల్లిగా లాగు" అన్నాడు, దోసెని పళ్లెంలోకి రమ్మన్నంత నిమ్మళంగా. ఓడ జెట్టీకి తగిలీ తగలకుండా ఆనుకుంది. పరీక్షాధికారి లేచి నిలబడి చెయ్యి చాపాడు.

అయిదు రోజుల తర్వాత నిజం ఓడ వచ్చింది. ఎర్రరంగుది, బొగ్గు నింపుకుని నిండుచూలాలిలా కదులుతోంది. రాతిగోడ మీద హైమవతి, పైడితల్లి, దీక్షితులుగారు, గుమస్తాలిద్దరూ వరసగా నిలబడ్డారు. ముందు టగ్గుమీద ఎర్రయ్య ఉన్నాడు. ఆ ఒక్కరోజుకి టగ్గు ఎక్కనిమ్మని రేవు అధికారుల్ని పీడించి పీడించి ఒప్పించుకున్నాడు. కాలవ మలుపులో గాలి కాస్త గట్టిగానే వీచింది. ఓడ దాన్ని పట్టించుకోకుండా తిరిగి, నీళ్లు కూడా చిందకుండా జెట్టీ పక్కన నిలబడింది. పైలట్ రేడియోలోంచి రేవంతా వినబడేలా ఒక గొంతు వచ్చింది.

"బెర్తయింది! చట్నీ టగ్గుకి ధన్యవాదాలు!"

రేవు వాళ్లకి ఒక్కముక్క అర్థం కాలేదు. ఎర్రయ్య మాత్రం టగ్గు కూత మూడుసార్లు మోగించాడు. హైమవతి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గర్వంతో ఆమెకి కాళ్లు నేలమీద ఆనడం లేదు.

ఆ సాయంత్రం తాళ్ల గోదాము ముందున్న ఖాళీలో అందరూ పట్టీలు కట్టుకుని పెంకులు పేర్చారు. హైమవతి ఎప్పటిలాగే నోటుపుస్తకం తీసుకుని ఒక తాడుచుట్ట మీద కూర్చుంది. రెండు వంతులయ్యాక జోగారావు ఆట ఆపి, బంతి చంకలో పెట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"హైమా, ఈ వంతుకి నువ్వు అరటిపండువి."

"నేనా? నేను అంకెలు రాసుకోవాలండీ. నాకు రాదు కూడా..."

"నువ్వు అరటిపండువమ్మా" అన్నాడు ఎర్రయ్య. "మీరే" అన్నారు దీక్షితులుగారు. "మా అమ్మే" అంది పైడితల్లి. గుమస్తాలు కూడా గొంతు కలిపారు. జోగారావు మిగిలిన పట్టీ ఒకటి తీసి ఆమె నుదుటికి కట్టాడు. ఆమె ఒక్కొక్కరి ముఖమూ చూసింది. ఒక్క దీపం కూడా ఆరిలేదు. మూడేళ్లుగా ఆ మనిషి నవ్వు కోసం గోడవారనే కూర్చున్న తాను కూడా నవ్వి మూడేళ్లయిందని ఆమెకి అప్పుడు తోచింది.

చీర కుచ్చిళ్లు బొడ్లో దోపి పరిగెత్తింది. బంతి వచ్చి నడుముకి తగిలింది. "ఔట్ కాదు! అరటిపండు! అరటిపండు!" అని ఆమే అందరికంటే గట్టిగా అరిచింది. ఆ అరుపులో అయిదేళ్ల పిల్ల కేరింత ఉంది.

నోటుపుస్తకం తాడుచుట్ట మీద గాలికి రెపరెపలాడుతూ పడి ఉంది. అంతకుముందు రోజు దాకా అందరి అంకెలూ అందులో ఉన్నాయి. ఆ సాయంత్రం గడి మాత్రం ఇప్పటికీ ఖాళీగానే ఉంది.